మట్టి బురుజు మీద రాలిన చుక్క

వాల్తేరు రైల్వే క్వార్టర్లలో పెరిగిన మాబోటి వాళ్లకి చిన్నతనంలో గార్డెన్ రీచ్ అంటే బ్రహ్మలోకం. నుదుటిరాతలు రాసేది అక్కడే. బదిలీ కాయితం అక్కణ్ణించే రావాలి, ప్రమోషను అక్కణ్ణించే రావాలి. సాయంత్రం నాన్నగారు గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే అమ్మ మంచినీళ్ల చెంబు అందిస్తూ, "గార్డెన్ రీచ్ నుంచి ఏమన్నా వచ్చిందాండీ?" అని అడిగేది. 2003లో తూర్పు కోస్తా రైల్వే విడిగా ఏర్పడేదాకా మా సంసారాలన్నీ కలకత్తాలో హుగ్లీ ఒడ్డునున్న ఆ హెడ్డాఫీసు కేసి చూస్తూనే బతికాయి. ఆ చుట్టుపక్కలే ఒక లక్నో పుట్టి, 31 ఏళ్లు వెలిగి, వేలంపాటలో పోయిందని మాలో ఎవరికీ తెలియదు. నాకు తెలిసేసరికి తల నెరిసింది.

ఆ చోటి పేరు మెటియాబ్రుజ్. విప్పి చూస్తే మన ఇంటి మాటే. మాటి అంటే మట్టి, బుర్జ్ అంటే బురుజు. నదికి కాపలాగా ఎప్పుడో ఎత్తిన మట్టిగోడ కరిగిపోయి పేరు మాత్రం ఒడ్డున నిలబడింది. 1856 మే నెలలో, ఎండ నిప్పులు చెరుగుతున్న రోజుల్లో, అవధ్ చివరి పాదుషా వాజిద్ అలీ షా అక్కడికి చేరాడు. అంతకు మూడు నెలల ముందు, ఫిబ్రవరిలో, గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆయన రాజ్యాన్ని కంపెనీలో కలిపేసుకున్నాడు. రెసిడెంటు ఔట్రమ్ ఒడంబడిక ముందు పెట్టి సంతకం చెయ్యమంటే ఆయన కలం ముట్టలేదు. తలపాగా తీసి ఆ దొర చేతుల్లో పెట్టాడు. కవిత్వంలో ఆయన పెట్టుకున్న పేరు అఖ్తర్. అఖ్తర్ అంటే చుక్క.

మట్టి బురుజా! ఆకాశం విదిలించుకున్న చుక్కని కొంగు పట్టి అందుకున్నదానివి నువ్వు. గోమతి ఒడ్డున వెన్నెల తాగి పెరిగిన కళ్లకి నీ బురదనీటి హుగ్లీని చూపించి ఊరుకోబెట్టినదానివి. మసకసంధ్య వేళ ఓడల పొగ నీ మీద కమ్ముకుంటుంటే ఆ పొగలోనే లక్నో ఛత్తర్ మంజిల్ మేడ గొడుగుల్ని వెతుక్కున్న మనిషిని నువ్వొక్కదానివే చూశావు. అతని నిట్టూర్పులు ఎన్నో నీకే తెలియాలి.

గూడు కూలిన గిజిగాడు ఏం చేస్తుంది? మళ్లీ అల్లుతుంది. ఏటా పన్నెండు లక్షల భరణం. ఆ డబ్బుతో నది పొడుగునా మేడ తర్వాత మేడ లేచింది. సుల్తాన్ ఖానా, అసద్ మంజిల్, మురస్సా మంజిల్, నూర్ మంజిల్, షాహన్‌షా మంజిల్. ఆకాశం రంగు మీద మనసుపడి ఆస్మానీ, బాదంపప్పు రంగు మీద మోజుపడి బాదామీ. ఆ పేర్లు పైకి చదువుతుంటేనే గదిలో ఎవరో గులాబీ అత్తరు సీసా మూత తీసినట్టుంటుంది. మేడల నడుమ తోటలు, తోటల నిండా జీవాలు: జిరాఫీలు, రెండు మూపుల ఒంటె, నెమళ్లు, పాములకోసమే పేర్చిన ఒక రాళ్లగుట్ట. బాల్యం అక్కడ గడిపిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ రాసినదాన్ని బట్టి పట్టురెక్కల పావురాల జంట ఒకటి 24,000 రూపాయలకి, తెల్లనెమళ్ల జంట ఒకటి 11,000కి కొన్నారు. ఈ లెక్కలు చూసి ఒళ్లు మండేవాళ్లకి మండనివ్వండి. నాకైతే సైన్యం లేక, కచేరీ లేక, తన చెయ్యి ఎత్తితే పైకి లేచి, దించితే దిగివచ్చే ప్రజ ఆకాశంలో పావురాలే అయిన ఒక రాజు కనబడతాడు.

లక్నో నుంచి వచ్చినవాళ్లు వట్టి చేతులతో రాలేదు. వంటవాడు గరిటెతో, దర్జీ సూదితో, సారంగీవాడు కమానుతో, పతంగులవాడు మాంజాతో, మర్సియా చదివేవాడు కన్నీటితో వచ్చారు. కథక్ గజ్జెలు వచ్చాయి, ఠుమ్రీ వచ్చింది. కలకత్తా జమీందార్లు బగ్గీలు కట్టించుకుని ఆ పాట వినడానికి వెళ్లేవారు. రాజ్యం లేని దర్బారు ఒక నగరానికి చెవి దిద్దింది.

ఇక పాదుషా తల్లి మాట. మలికా కిష్వర్. గడప దాటని పరదా స్త్రీ. కొడుక్కి జరిగిన అన్యాయం విక్టోరియా రాణికి చెప్పుకుందామని, రాణి కూడా ఒక తల్లేగదా అని, 1856లోనే కలకత్తాలో ఓడ ఎక్కింది. మన పెళ్లిళ్లలో అప్పగింతలనాడు తల్లి బిడ్డ చెయ్యి పాలలో ముంచి వియ్యపురాలి చేతిలో పెట్టి, తెలియని పిల్ల, తప్పులుంటే దిద్దుకో తల్లీ అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఈ తల్లి ఆ మాట చెప్పడానికి సముద్రాలు దాటింది. 1857లో రాణి దర్శనమైతే అయింది. కానీ ఆ రోజుల్లోనే సిపాయిల తిరుగుబాటు కబురు లండను చేరింది. ఇక అవధ్ మనవి ఎవరు వింటారు? తిరుగుదారిలో, 1858 జనవరిలో, పారిస్‌లో ఆవిడ కన్నుమూసింది.

కొడుకు అప్పటికి జైల్లో ఉన్నాడు. తిరుగుబాటు రాజుకోగానే ముందుజాగ్రత్త అని కంపెనీవారు ఆయన్ని ఫోర్ట్ విలియంలో పెట్టారు. రెండేళ్లకు పైగా అక్కడే. తల్లి పోయిన కబురు ఆ గోడల మధ్యనే వినుంటాడు. లక్నోలో వదిలివచ్చిన బేగం హజ్రత్ మహల్ చిన్నకొడుకు బిర్జిస్ ఖద్ర్‌ని గద్దెనెక్కించి తెల్లవాళ్లతో పోరాడుతోంది; ఓడి, నేపాల్ చేరింది; 1879లో కాఠ్మండులో పోయింది.

"బాబుల్ మోరా" అనే ఠుమ్రీ ఆయనదేనని సంగీతలోకం నమ్మకం. 1938లో స్ట్రీట్ సింగర్ సినిమాలో సైగల్ పాడాక అది దేశమంతటికీ తెలిసింది. పుట్టిల్లు విడిచిపోతున్న పెళ్లికూతురి గొంతులో సాగే పాట అది. భైరవి రాగం, తెల్లవారుజాము, పల్లకి. ఏడ్చేది పెళ్లికూతురా, పోయే ప్రాణమా, ఊరు విడిచే రాజా అని అడిగితే రాగం జవాబు చెప్పదు. మీసాలున్న పాదుషా గొంతులోంచి ఆడపిల్ల ఏడుపు ఎంత సహజంగా వచ్చిందో చూడండి. మన కూచిపూడిలో భామాకలాపం కట్టే మగవాడికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

కూచిపూడి అన్నాక తానీషా గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్. ఆ నాట్యం చూసి ముచ్చటపడి ఊరునే భాగవతులకి రాసిచ్చాడని మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్న పేరు. 1687లో కోట తలుపు లోపలివాళ్లే తెరిచారు. ఔరంగజేబు ఆయన్ని దౌలతాబాదు కోటలో పెడితే అక్కడే పోయాడు. ఆయన మీదా భోగలాలసుడన్న నిందే వేశారు. గెలిచినవాడి కలం ఓడినవాడి మీద రాసే తొలిమాట ఎప్పుడూ అదే కాబోలు. వాజిద్ అలీ షా విషయంలోనూ కంపెనీవారు ఆ రాతే రాశారు: ఆటగాళ్లతో, పాటగాళ్లతో కాలం గడిపాడట, రాజ్యం పట్టించుకోలేదట. 1843లోనే, యువరాజుగా ఉన్నప్పుడే, రాధా కన్హయ్యల కథను ఉర్దూలో నాటకం కట్టి ఆడించినవాడు. నమాజు తప్పని ముసల్మాను, కృష్ణుడి కథకు గజ్జె కట్టించాడు. దానికి ఏ కచేరీలో ఏ శిక్ష ఉందో గాని, రాజ్యమంతా జరిమానా కట్టాల్సి వచ్చింది.

1887 సెప్టెంబరులో ఆయన పోయాడు. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఆస్తి లెక్కకట్టారు. మేడలు అమ్మారు, కూల్చారు. జంతువుల్ని అమ్మారు. బంధువులు చెల్లాచెదురయ్యారు. ఐదేళ్లకి, 1892లో, ఖిదిర్‌పూర్ రేవు తెరిచారు. తర్వాత గార్డెన్ రీచ్‌లో ఇంకో రేవు. తోటల్లో తుమ్మెదలు తిరిగిన చోట క్రేన్లు తిరుగుతున్నాయి. ఆస్మానీ ఎక్కడుండేదని ఎవర్ని అడిగినా చెయ్యి పైకి చూపిస్తారు, ఆకాశమే చూసుకోవాలి.

నదికి అవతల ఒడ్డున, శిబ్‌పూర్ బొటానికల్ తోటలో, ఒక మహా మర్రి ఉంది. నవాబు ఉన్నప్పుడూ ఉంది. 1864లో, 1867లో వచ్చిన పెనుతుపానుల దెబ్బకి కొమ్మలు విరిగి, బూజు పట్టి, మొదలు కుళ్లింది. 1925లో మొదలు నరికి తీసేశారు. ఊడలు వేలకొద్దీ నేలలో దిగి ఉండబట్టి చెట్టు నిలిచింది. మొదలు ఉన్న చోట ఇప్పుడు ఖాళీ. మెటియాబ్రుజ్ సందుల్లో తిరుగుతున్నంతసేపూ నాకు ఆ ఖాళీయే కళ్లలో మెదిలింది.

ఊడల్ని చూడండి. ప్రతి గుమ్మంలోంచీ కుట్టుమిషన్ చప్పుడు. దర్జీ మేస్త్రీలని ఇక్కడ ఓస్తాగర్లంటారు. పసిపిల్లల గౌనులు, చొక్కాలు కట్టలు కట్టలుగా వారాంతపు సంతలకు వెళ్లి అక్కణ్ణించి దేశమంతా పోతాయి. అంగరఖాకు జరీ అంచు వేసిన సూదికీ, పిల్లగౌనుకు ప్లాస్టిక్ పూసలు కుడుతున్న ఈ మిషన్‌కీ మధ్య బంధుత్వం ఎంతో నేను కొలవలేను. లేదని మాత్రం అనలేను. సెప్టెంబరు 17 ప్రాంతంలో విశ్వకర్మ పూజనాడు కలకత్తా ఆకాశమంతా గాలిపటాలు. మనకి సంక్రాంతికి ఎగిరేవి వాళ్లకి అప్పుడు ఎగురుతాయి. పూజ హిందువులది, పతంగుల మోజు నవాబుగారిది, గాలి గంగది. ఆయన పోయిన నెల కూడా అదే.

బిరియానీలో ఆలుగడ్డ సంగతి చెప్పకపోతే పాఠకులు ఊరుకోరు. కలకత్తా బిరియానీలో గడ్డ ఎందుకుంటుందంటే పాపం నవాబుకి డబ్బు లేక మాంసం బదులు వేయించాడని ఒక కథ. నెలకి లక్ష రూపాయల భరణం ఉన్నవాడు, పావురాలకి పాతికవేలు పోసినవాడు మాంసానికి వెనకాడాడంటే నేను నమ్మను. అప్పట్లో ఆలుగడ్డ కొత్త సరుకు. వంటవాడు ముచ్చటపడి వేసుంటాడు. అయినా నా బాధ అది కాదు. ఇన్ని ఠుమ్రీలు, ఇన్ని గ్రంథాలు, ఇంత దుఃఖం రాసిన మనిషి ప్రపంచానికి ఒక గడ్డముక్క రూపంలో గుర్తుండిపోయాడు!

సిబ్తైనాబాద్ ఇమాంబారా మాత్రం మిగిలింది. 1864లో ఆయనే కట్టించాడు. సిబ్తైన్ అంటే మనవలిద్దరు, ప్రవక్త మనవలు, మన పీర్ల పండక్కి మనం పిలిచే అసన్, ఉసేన్‌లే. గుమ్మం మీద అవధ్ రాజచిహ్నం, మత్స్యకన్యలు. లోపల గాజు షాండ్లియర్లు, అద్దాలు, వెండి జిగులు. నేను వెళ్లింది మధ్యాహ్నం. కావలివాడు నా చెప్పుల కేసి చూశాడు, విడిచాను. నేల చల్లగా ఉంది. మా ఊళ్లో పీర్ల చావిడి నేల కూడా ఇలాగే చల్లగా ఉండేది. ఊదు వాసన, నెమలీకల కట్ట, ఆకుపచ్చ గుడ్డ కప్పిన పీర్లు, గుండం చుట్టూ కులం మతం మరిచి ఆడే జనం. ఆ చల్లదనం అరికాలి నుంచి ఎక్కి గుండెదాకా వచ్చాక, నాన్నగారికి బదిలీ కాయితం కోసం ఎదురుచూసిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. మాకు రావలసిన కాయితం ఎప్పటికో ఒకప్పటికి వచ్చేది. ఈయనకి లక్నో వెళ్లమనే కాయితం 31 ఏళ్లు చూసినా రాలేదు.

తల్లి సమాధి పారిస్‌లో, పెర్ లషేజ్ శ్మశానంలో ఉంది. హజ్రత్ మహల్ సమాధి కాఠ్మండులో ఉంది. ఆయనది ఇక్కడ. ముగ్గురిలో ఒక్కరి సమాధీ లక్నోలో లేదు.