యబ్బేజు: ఒక అరుదైన బైబిలు నామం – అర్థం, వినియోగం

దినవృత్తాంతముల మొదటి గ్రంథంలోని తొలి 9 అధ్యాయాలు ప్రధానంగా వంశావళులు. ఆ పేర్ల వరుస యూదా వంశం దగ్గర, 4వ అధ్యాయం 9, 10 వచనాల్లో ఆగి, యబ్బేజు అనే వ్యక్తిని పరిచయం చేస్తుంది. అతని తండ్రి పేరు అక్కడ లేదు. సహోదరులకంటే ఘనుడన్న మాట, తల్లి పెట్టిన పేరు, దానికి ఆమె చెప్పిన కారణం, అతని ప్రార్థన, దానికి దేవుని అనుగ్రహం మాత్రమే ఉన్నాయి. తల్లి మాటనూ కుమారుని ప్రార్థననూ కలిపి చదివితేనే ఈ నామార్థం తేటపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వేదనతో కన్నాను కనుక ఈ పేరు పెట్టానని తల్లి అంటుంది. అందుచేత యబ్బేజు అంటే ‘వేదన’ అని చెప్పడం పరిపాటి. హీబ్రూ మూలం అంత సూటిగా లేదు. అక్కడ వేదనకు వాడిన మాట ‘ఓత్సెబ్’. దాని హల్లుల వరుస అయిన్, త్సాదే, బేత్. పేరులో తొలి యోద్ తరువాత వచ్చే వరుస అయిన్, బేత్, త్సాదే. చివరి రెండు హల్లులూ తారుమారయ్యాయి. కనుక ఇది వ్యుత్పత్తి కాదు, వర్ణవ్యత్యయం మీద ఆధారపడిన శబ్దచమత్కారం. పేరు వేదనను ధ్వనిస్తుంది, కాని వేదన అనే పదం కాదు.

ప్రార్థన చివర అదే ధాతువు మళ్లీ వస్తుంది. కీడు తనను వేదనపెట్టకూడదని అతని మనవి. తన పేరే తన బ్రతుకు కాకూడదని అతడు కోరుతున్నాడు. తెలుగు బైబిలు 9వ వచనంలో ‘వేదన’ అన్నది, 10వ వచనంలో కీడు నుండి తప్పించమనడంతో సరిపెట్టింది. భావం చెడలేదు గాని, తల్లి మాటకూ కుమారుని ప్రార్థనకూ ఉన్న పదబంధం తెగిపోయింది. ఆదికాండము 3:16లో హవ్వ ప్రసవవేదనను చెప్పినదీ ఈ ధాతువే. అందువల్ల ఈ తల్లి వేదన ఆమె ఒక్కతెకు పరిమితం కాదు.

రాహేలు మరణిస్తూ పెట్టిన బెనోని అనే పేరును యాకోబు బెన్యామీనుగా మార్చాడు. యబ్బేజు పేరును ఎవరూ మార్చలేదు. దేవుడు మనవి ఆలకించినట్లు చెప్పే వాక్యం తరువాత కూడా తల్లి పెట్టిన పేరే నిలిచింది. బిడ్డలు దక్కని ఇళ్లలో పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టే తెలుగు ఆచారంతో దీనికి పోలిక తోచవచ్చు. అయితే ఆ పేర్లు మృత్యువు దృష్టిని మళ్లించడానికి పెట్టినవి. ఈ పేరు జరిగినదాన్ని జ్ఞాపకముంచుతుంది.

వినియోగంలో ఈ నామం బహు స్వల్పం. ఇదే గ్రంథం 2:55లో లేఖికులు నివసించిన ఊరి పేరుగా కనిపిస్తుంది. 2000లో వెలువడిన బ్రూస్ విల్కిన్సన్ పుస్తకం ‘ది ప్రేయర్ ఆఫ్ జాబెజ్’ ఈ ప్రార్థనకు విశేష ప్రచారం కల్పించి, సరిహద్దుల విస్తరణను ముందుకు తెచ్చింది. తెలుగు క్రైస్తవుల్లో జాబెజ్ అని పేరు పెట్టుకునేవారికి ఆశీర్వాదమే మొదట స్ఫురించడం సహజం. కాని మూలంలో ఆ ఆశీర్వాదానికి ముందున్నది ఒక స్త్రీ ప్రసవవేదన. దాన్ని విడిచి ప్రార్థనను మాత్రమే గ్రహిస్తే, పేరు మిగులుతుంది గాని పేరు పెట్టిన తల్లి కనుమరుగవుతుంది.