పుట్టుమచ్చలు - ఛాయాచిత్ర సాక్ష్యము

పదవ తరగతి పరీక్షకు విద్యార్థుల వివరములు పంపునప్పుడు ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయులు ఒక పని తప్పక చేయుదురు. ఒక్కొక్క విద్యార్థిని పిలిచి, అతని శరీరముపై రెండు పుట్టుమచ్చలు వెదకి, "కుడి చెంపపై ఒక పుట్టుమచ్చ", "ఎడమ ముంజేతిపై ఒక పుట్టుమచ్చ" అని గుర్తింపు చిహ్నములుగా వ్రాసికొందురు. ఈ ఆచారము వెనుక ఒక నమ్మకము దాగియున్నది. మనిషి ఎదుగును, ముఖము మారును, పుట్టుమచ్చ మాత్రము మారదు అనునదే ఆ నమ్మకము. చర్మవైద్యులు అవే పుట్టుమచ్చలను ఫోటోలు తీసి దాచుట దీనికి సరిగా ఎదురైన ఊహతో జరుగుచున్నది. మచ్చ మారవచ్చును, ఆ మార్పు ప్రాణాపాయమునకు తొలి సూచన కావచ్చును, కనుక దానిని వెంటనే పట్టుకొనవలెను అని వారి వాదము.

ఆస్ట్రేలియా, అమెరికా మొదలగు దేశములలో కొన్ని ఆసుపత్రులందు ఒక వ్యక్తి శరీరమంతటిని ఫోటోలు తీసి భద్రపరచి, ఆరునెలలకో సంవత్సరమునకో మరల పరీక్షించునప్పుడు వానితో పోల్చి చూచుచున్నారు. మొదట తీసిన ఈ ఫోటోలను మూలచిత్రములు అనవచ్చును. ఈ పద్ధతిని పొగడువారు ఇది ప్రాణములు కాపాడునందురు. శంకించువారు ఇది లేనిపోని భయమును పెంచునందురు. ఈ రెండు మాటలలోను ఎంత నిజమున్నదో నిదానించి చూడవలసియున్నది.

లోతే ప్రమాదము

చర్మమునకు రంగునిచ్చు పదార్థము మెలనిన్. దానిని తయారుచేయు కణములను మెలనోసైట్లు అందురు. ఇవి ఒకచోట గుంపుగా చేరినచో పుట్టుమచ్చ ఏర్పడును. పేరు పుట్టుమచ్చయే గాని, పుట్టుకతో వచ్చునవి కొద్ది. ఎక్కువ భాగము బాల్యములోను యౌవనములోను బయలుదేరును. ఇవి దాదాపు అన్నియు నిరపాయమైనవే. కాని అదే జాతి కణములు అదుపుతప్పి పెరిగినచో మెలనోమా అను కాన్సరు పుట్టును. చర్మపు కాన్సర్లలో ఇది సంఖ్యలో తక్కువదైనను ప్రాణములు తీయుటలో ముందున్నది.

మెలనోమా ప్రమాదము దాని వెడల్పు కంటె లోతుపై ఎక్కువ ఆధారపడును. 1970లో అమెరికా వైద్యుడు అలెగ్జాండర్ బ్రెస్లో ఈ విషయమును స్పష్టపరచెను. తీసివేసిన కంతిని సూక్ష్మదర్శినితో పరిశీలించి, అది చర్మములోనికి ఎన్ని మిల్లీమీటర్లు దిగినదో ఆయన కొలిచెను. చర్మపు పై పొరలోనే నిలిచియున్న మెలనోమాను కోసి తీసివేసినచో రోగికి దాదాపు పూర్తిగా నయమగును. ఒక మిల్లీమీటరు లోపు దిగిన వానిలోను నయమగునవే ఎక్కువ. నాలుగు మిల్లీమీటర్లు దాటినచో అది ఇతర అవయవములకు ప్రాకు అవకాశము చాల హెచ్చును. పాఠశాల కొలబద్దపై అతి చిన్న గీతల నడుమ దూరము ఒక మిల్లీమీటరు. అట్టి గీతలు నాలుగు దాటులోపల బ్రదుకునకును చావునకును నడుమ ఇంత భేదము వచ్చుచున్నది. అందువలననే వైద్యులు దీనిని ముందుగా పట్టుకొనుటకు అంత ఆత్రపడుదురు.

జ్ఞాపకము చాలదు

అనుమానింపదగిన మచ్చకు న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు 1985లో నాలుగు గుర్తులు చెప్పిరి. మచ్చలో ఒక సగము రెండవ సగమును పోలకుండుట, అంచు వంకరలు పోవుట, రంగు పలువిధములుగా నుండుట, అడ్డుకొలత 6 మిల్లీమీటర్లు మించుట అనునవే ఆ నాలుగు. 2004లో ఐదవ గుర్తును చేర్చిరి. అది మార్పు. మొదటి నాలుగింటిని ఒక్క చూపుతో నిర్ణయింపవచ్చును. ఐదవది అట్లు కాదు. మార్పు తెలియవలెనన్న రెండు కాలములు కావలెను, మొదటి కాలమునకు సాక్ష్యము కావలెను. వీపుపై యాభై మచ్చలున్న వ్యక్తికి గాని, దినమునకు ఎందరినో చూచు వైద్యునకు గాని ఏ మచ్చ ఎట్లుండెనో జ్ఞాపకముండదు. ఆ కొరత తీర్చుటకే 1980 తరువాతి సంవత్సరములలో న్యూయార్క్ వైద్యులు మచ్చలు మిక్కుటముగా నున్న వారి శరీరమంతటిని ఫోటో తీయు క్రమమును ప్రచారమునకు తెచ్చిరి.

ఇందు పాటించు నియమము ప్రయోగశాలలోని నియమమే. రెండుమార్లును దూరము, వెలుతురు, నిలుచు భంగిమ ఒక్కటిగా నుండవలెను. పక్కన కొలత చూపు గుర్తు ఉండవలెను. వెలుతురు ఏటవాలుగా పడినంత మాత్రముననే మచ్చ నల్లబడినట్లు తోచును. కెమెరా కొంచెము దగ్గరైనచో పెరిగినట్లు తోచును. ఈ నియమములు పాటింపని ఫోటో సాక్ష్యము కాదు, అబద్ధసాక్ష్యము.

ఫోటో నిజముగా సాయపడునా అను ప్రశ్నకు న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్-కెటరింగ్ కాన్సరు కేంద్రమువారు ఒక చక్కని ప్రయోగము చేసి, 2004లో దాని ఫలితములను ప్రకటించిరి. 50 మంది రోగులకు మూలచిత్రములు తీసిరి. పిమ్మట కన్నులకు దిద్దుకొను రంగు పెన్సిలుతో వారి శరీరముపై కొన్ని మచ్చలను పెద్దవి చేసిరి, కొన్ని క్రొత్త మచ్చలు పెట్టిరి. ఏవి మారినవో చెప్పుమని రోగులనే అడిగిరి. ఫోటోలు లేకుండ చూచినప్పుడు అట్టి మార్పులలో నూటికి సుమారు 60 పట్టుకొనిరి. ఫోటోలు చేతికిచ్చినప్పుడు సుమారు 72 పట్టుకొనిరి. లాభము స్పష్టముగానే యున్నది. కాని ఫోటో చేతనున్నను నాలుగింట ఒకటికి పైగా తప్పించుకొనిపోయినవని మరువరాదు. చిత్రము కంటికి తోడు మాత్రమే, కంటికి మారు కాదు.

ఖాళీ చోటి సాక్ష్యము

ఈ పద్ధతిని గూర్చిన ప్రచారమంతయు పుట్టుమచ్చలను కనిపెట్టుట అని సాగుచున్నది. ఇందొక పొరపాటున్నది. పాత పుట్టుమచ్చయే చెడి మెలనోమా అగునని సామాన్యముగా అనుకొందురు. ఎన్నో పరిశోధనలను క్రోడీకరించి 2017లో ప్రకటించిన సమీక్ష వేరుగా చెప్పుచున్నది. పాత మచ్చలో పుట్టిన మెలనోమాలు నూటికి సుమారు 29 మాత్రమే. మిగిలిన 71 అంతకుముందు ఏ మచ్చయు లేని చర్మముపై పుట్టినవి.

దీనినిబట్టి మూలచిత్రముయొక్క అసలు విలువ తెలియుచున్నది. అది మచ్చలకు ఎంత సాక్షియో, మచ్చల నడుమనున్న ఖాళీ చోటికి అంతకంటె ఎక్కువ సాక్షి. "ఇది నిరుడు ఇక్కడ లేదు" అని నిస్సందేహముగా చెప్పగలది చిత్రమొక్కటే. కొన్ని మచ్చలను మాత్రము ఎంచుకొని దగ్గరగా ఫోటోలు తీసి దాచుట వలన ఈ ప్రయోజనము లభింపదు. అనుమానము లేని మచ్చలను ముందే కోసి తీసివేయుట వలన కూడ పూర్తి రక్షణ కలుగదు. రాబోవు మెలనోమా వేరొక చోట పుట్టవచ్చును. మరియొక మేలు కూడ కలదు. చూచుటకు వికారముగా నున్నను ఏండ్ల తరబడి మారని మచ్చను కోయక వదలివేయుటకు చిత్రము వైద్యునకు ధైర్యమిచ్చును.

సిడ్నీలో మిక్కిలి ప్రమాదము గలవారిని, అనగా మునుపు మెలనోమా వచ్చినవారు, కుటుంబములో పలువురికి వచ్చినవారు మొదలగు 311 మందిని, ఈ విధముగా కనిపెట్టిరి. ఫలితములు 2014లో వెలువడినవి. సుమారు మూడున్నర సంవత్సరములలో 75 మెలనోమాలు బయటపడినవి. తరువాతి పరీక్షలలో కనబడిన వానిలో నూటికి 38 శరీరచిత్రముల సాయముతోను, 39 భూతద్దము వంటి డెర్మోస్కోపుతో తీసిన దగ్గర చిత్రములను పోల్చుట వలనను తెలిసినవి. తరువాతి పరీక్షలలో కనబడిన వానిలో ఎక్కువ భాగము పై పొర దాటనివే. ఇది మెచ్చదగిన ఫలితమే. ఐనను, ఫోటోలు తీయని అట్టివారే మరి 311 మందిని పక్కన పెట్టి పోల్చలేదు గనుక, ఇందువలన ఎన్ని ప్రాణములు నిలిచినవో ఈ లెక్క చెప్పజాలదు.

ఎక్కువ వెదకుటలోని చిక్కు

మిక్కిలి ప్రమాదము గలవారికి మేలైనది అందరికిని మేలు కావలెనని లేదు. అమెరికాలో మెలనోమాగా నిర్ణయింపబడిన వాని సంఖ్య నలుబది సంవత్సరములలో సుమారు ఆరు రెట్లు పెరిగినదని, మరణములు మాత్రము ఆ తీరున పెరుగలేదని 2021లో వైద్య పరిశోధకులు చూపిరి. వ్యాధి నిజముగా ఆరు రెట్లయినచో మరణములు కూడ హెచ్చవలెను గదా. కోసి చూచుట పెరిగినకొలది, ఎన్నడును ప్రాణము తీయని మచ్చలకు కూడ కాన్సరు అను పేరు తగులుచున్నదని వారి నిర్ణయము. ఒకమారు ఆ పేరు తగిలిన వ్యక్తి జీవితాంతము రోగిగానే బ్రదుకును.

జర్మనీ అనుభవము కూడ గమనింపదగినది. అచ్చట ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రములో 2003-04లో మూడు లక్షల అరువదివేల మంది చర్మమును వైద్యులు కంటితో పరీక్షించిరి. తరువాత కొన్ని సంవత్సరములు మెలనోమా మరణములు తగ్గినట్లు కనబడెను. దానిని చూచి 2008లో దేశమంతట ఆ పరీక్షను ప్రవేశపెట్టిరి. కాని 2013 నాటికి ఆ రాష్ట్రములో మరణములు మరల పాత స్థాయికే చేరెను. ఏ లక్షణమును లేని సామాన్యులకు చర్మపరీక్ష చేయుట మంచిదో కాదో తేల్చుటకు చాలినంత ఆధారము లేదని అమెరికా నివారణ సేవల సంఘము 2023లో ప్రకటించినది.

బాలబాలికల విషయములో మరింత జాగ్రత్త కావలెను. ఆ వయస్సులో శరీరముతో పాటు మచ్చలును పెరుగును, క్రొత్తవి పుట్టును. అచ్చట మార్పు సహజము. మెలనోమా పిల్లలలో మిక్కిలి అరుదు. మార్పు అను గుర్తు పెద్దలలో పనిచేసినట్లు పిల్లలలో పనిచేయదు. ఇక సెల్‌ఫోనుతో ఫోటో తీసి మచ్చ మంచిదో చెడ్డదో తేల్చుదుమను అనువర్తనములు నమ్మదగినవి కావని 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ సమీక్ష తెలిపినది.

అరికాలి మాట

ఈ పద్ధతి తెల్లని చర్మముగల వారి మధ్య పుట్టి పెరిగినది. వారికి ప్రధాన శత్రువు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు. నల్లని, చామనచాయ చర్మములలో మెలనిన్ సమృద్ధిగా నుండి ఆ కిరణములను చాలవరకు అడ్డుకొనును. కనుక తెలుగునాట మెలనోమా అరుదు. వచ్చిన కొద్ది వానిలో మాత్రము అరికాలు, అరచేయి, గోటి క్రింద వచ్చు వాని పాలు ఎక్కువ. వీనికి ఎండతో సంబంధము స్వల్పము. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవ్రేలి గోటి క్రింద మెలనోమా బయటపడెను. 1981లో, 36 ఏండ్లకే, ఆయన మరణించెను. వీపును ఎన్ని కోణములలో ఫోటో తీసినను అట్టి రోగము కనబడదు.

అరికాలి మచ్చను ముల్లు గుచ్చుకొన్న గుర్తనియు, ఆనెకాయయనియు, గోటి క్రింది నలుపును దెబ్బ వలన గడ్డకట్టిన నెత్తురనియు తలచి ఉపేక్షించుట కలదు. దీనిని తేల్చుటకు జపాను వైద్యులు ఒక మంచి ఉపాయము కనుగొనిరి. అరికాలి చర్మముపై దున్నిన చేనిలో వలె గట్లు, చాళ్లు ఉండును. డెర్మోస్కోపుతో చూచినప్పుడు రంగు చాళ్ల వెంబడి నున్నచో అది సాధారణముగా మామూలు మచ్చ. గట్ల వెంబడి నున్నచో మెలనోమా అని అనుమానింపవలెను. వేలకొలది ఫోటోల కంటె ఈ ఒక్క తెలివి తెలుగు దేశపు వైద్యునకు ఎక్కువ అక్కరకు వచ్చును.

విలువ ఎక్కడ, హద్దు ఎక్కడ

కాబట్టి మూలచిత్రము అందరికిని తొడుగదగిన కవచము కాదు, వట్టి భయమును అమ్ము సరకును కాదు. మచ్చలు మిక్కుటముగా నుండి, కుటుంబములో మెలనోమా ఉన్న తెల్లని చర్మమువారికి అది మేలైన సాధనము. మిగిలినవారికి అది చేయు మేలు ఇంకను రుజువు కాలేదు. చామనచాయవారికి దానిని ఉన్నదున్నట్లు దిగుమతి చేసికొనుట, కాలిలో ముల్లుండగా వీపు వెదకుట వంటిది.

దిగుమతి చేసికొనదగినది ఆ పద్ధతిలోని ఆలోచన. నిన్నటి స్థితిని వ్రాసియుంచని వారికి నేటి మార్పు తెలియదు. అరికాలిపై క్రొత్తగా నల్లమచ్చ కనబడినను, ఒక్క గోటిపై నల్లచార వచ్చి వెడల్పగుచున్నను, మానని పుండు పడినను, తేదీ వ్రాసి, పక్కన కొలబద్ద నుంచి ఒక ఫోటో తీసి, ఆలసింపక చర్మవైద్యునకు చూపవలెను. ఫోటో వైద్యునకు చూపుటకే గాని, రెండవ ఫోటో కొరకు ఇంటివద్ద నెలలు గడుపుటకు కాదు. పదవ తరగతిలో వ్రాసిన రెండు పుట్టుమచ్చలు మనిషిని గుర్తించుటకు చాలును. రోగమును గుర్తించుటకు మాత్రము అప్పుడు ఏ మచ్చయు లేని చోటును కూడ చూడవలెను.