ఒకరి సమ్మతి ఇతరులకు చెల్లునా?

పొలమును కౌలునకిచ్చు రైతును గాని, శస్త్రచికిత్సకు ఒప్పుకొను రోగిని గాని 'సమ్మతించినాడు' అనవలెనన్న మూడు విషయములు కుదరవలెను. అతడు సంగతి తెలిసికొని యుండవలెను. కాదనుటకు అతనికి వీలుండవలెను. అతడు ఒప్పుకొన్నది తనదైనదాని విషయమై యుండవలెను. వీటిలో ఏది లోపించినను ఆ సమ్మతి తెల్లకాగితముపై వేసిన వేలిముద్ర వంటిదే. కంప్యూటర్లలోను సెల్‌ఫోనులలోను పనిచేయు ప్రోగ్రాములు నేడు 'అంగీకరించుచున్నాను' అను మీటను చూపి సమాచారము సేకరించుచున్నవి. ఆ మీట ఈ మూడు పరీక్షలకు నిలుచునా? 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ ఎనలిటికా ఉదంతము ఇందుకు తగిన దృష్టాంతము.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడైన అలెగ్జాండర్ కోగన్, ఫేస్‌బుక్ వినియోగదారుల స్వభావమును ప్రశ్నల ద్వారా అంచనా కట్టు ఒక ప్రోగ్రామును తయారుచేసెను. సుమారు మూడు లక్షలమంది దానిని స్వీకరించిరి. నాటి ఫేస్‌బుక్ నియమముల ప్రకారము ఇట్టి ప్రోగ్రాము, తన్ను స్వీకరించినవారి వివరములనే గాక, వారి మిత్రుల వివరములను కూడ గ్రహింపగలిగెడిది. అట్లు పోగైన సమాచారము రాజకీయ ప్రచారములకు పనిచేయు కేంబ్రిడ్జ్ ఎనలిటికా సంస్థకు చేరెను. మొత్తము 8 కోట్ల 70 లక్షలమంది వరకు వివరములు చేరియుండవచ్చునని ఫేస్‌బుక్ 2018 ఏప్రిల్‌లో తెలిపెను. భాగించి చూచినచో, మీట నొక్కిన ఒక్కొక్కరికి సుమారు 290 మంది తేలుదురు. భారతదేశములో ఆ ప్రోగ్రామును స్వీకరించినవారు 335 మంది మాత్రమే. వివరములు బయటికి పోయి యుండదగినవారు 5,62,455 మంది. వీరిలో కొందరికి ఇతర దేశములలోని మిత్రుల వలన కూడ ఈ గతి పట్టియుండవచ్చును.

మొదటి పరీక్ష తెలిసికొనుట. మీట నొక్కకముందు నియమములను చదువుకొనవచ్చును గదా యని సంస్థల వాదము. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మెక్‌డొనాల్డ్, క్రేనర్ 2008లో ఒక లెక్క వేసిరి. ఒక వినియోగదారుడు తాను చూచు వెబ్‌సైట్ల గోప్యతా నియమములన్నింటిని చదువదలచినచో సంవత్సరమునకు సుమారు 201 గంటలు పట్టును. దినమునకు ఎనిమిది గంటల చొప్పున ఇరువదియైదు దినములు! చదువుటకు వీలుకాని దానిని చదివినట్లు భావించుట న్యాయము కాదు.

రెండవది కాదనుట. తమ వివరములు మిత్రుల ప్రోగ్రాములకు అందకుండ మార్చుకొను సదుపాయము నాటి ఫేస్‌బుక్‌లో లేకపోలేదు. కాని ఎవరును మార్చనంతవరకు ద్వారము తెరచియే యుండెను. తలుపు మూయలేదు కాబట్టి లోనికి రమ్మన్నట్లే యనుట ఏ గృహస్థుడును ఒప్పుకొనడు. మౌనము సమ్మతి కాదని 2018 మే నుండి అమలులోనున్న ఐరోపా సమాచార రక్షణ నిబంధనలు కూడ చెప్పుచున్నవి.

మూడవదియే ముఖ్యము. మిత్రుని పుట్టినరోజు, ఊరు, అభిరుచులు ఒకనికి తెలిసియుండుట వేరు. వాటిని మూడవవానికి అప్పగించు హక్కు కలిగియుండుట వేరు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ఇక్కడ ఇచ్చినవాడొకడు, పోగొట్టుకొన్నవారు వందలమంది. మొదటి రెండు లోపములను సులభమైన భాషతోను, మంచి ఏర్పాట్లతోను కొంత సవరింపవచ్చును. మూడవదానిని మాత్రము మీటను ఎంత చక్కగా దిద్దినను సవరింపజాలము. ఏలయనగా అడుగవలసినవారు అక్కడ లేనేలేరు. దానికి మందు సేకరణనే ఆపుట. ఫేస్‌బుక్ సైతము మిత్రుల వివరములిచ్చు మార్గమును 2015 నాటికి చాలవరకు మూసివేసెను. 2019 జులైలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థపై 500 కోట్ల డాలర్ల జరిమానా ప్రకటించెను.

భారతదేశములో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై, నిర్దిష్టమై యుండవలెనని చెప్పుచున్నది. సమ్మతి కోరు ప్రకటనను తెలుగులో చదువుకొను వీలును కల్పించుచున్నది. ఇవి మెచ్చదగినవి. ఆ చట్టములోనే ఒక ఉదాహరణ కలదు: వైద్యసలహానిచ్చు ప్రోగ్రాము ఫోనులోని పేర్ల పట్టికను కూడ అడిగినది, రోగి సరే యన్నాడు. అయినను వైద్యమునకు పట్టిక అవసరము లేదు గనుక ఆ సమ్మతి దానికి చెల్లదు. నిర్ణయము సరియైనదే. కాని అక్కడ చూపిన కారణము అవసరము లేకుండుట. పట్టికలోనివారు ఇతరులగుట కాదు. ఏదేని ప్రోగ్రాము పట్టిక అవసరమేనని నిరూపించుకొన్నచో, ఆ పేర్లు గలవారిని అడుగువారెవరు? ఆ ఉదాహరణ ఈ ప్రశ్నకు సమాధానమీయదు.

ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై లెక్కగా వేసి చూపవచ్చును. నలుబదిమంది గల తరగతిలో ఒక్కొక్కరి ఇంటి ఫోనులో నూరేసి పేర్లున్నచో, నలుబది మీటలతో నాలుగువేల పేర్లు బయటికి పోవును. వాటిలో కొన్ని రెండుమార్లు వచ్చినను, అడుగబడినవారు నలుబదిమందియే. ఇకమీదట ఏదేని ఆట ప్రోగ్రాము 'మీ పరిచయముల పట్టికను చూడవచ్చునా?' అని అడిగినపుడు విద్యార్థి మొదట వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ పట్టికలోని పేర్లు ఎవరివి?