నడుం మీద పడ్డ చెయ్యి

అమలాపురంలో దసరా అంటే వాహనాల ఊరేగింపు, దాని ముందు చెడీ తాలింఖానా. కొంకాపల్లి, మహిపాల వీధి, గండువీధి... ఏ వీధి కుర్రాళ్లు ఆ వీధి గురువు దగ్గర నేర్చుకున్న కత్తీ, కర్రా తిప్పుతారు. కళ్లకు గంతలు కట్టుకున్నవాడు, పడుకున్నవాడి ఒంటిమీద పెట్టిన కాయను కత్తితో నరుకుతుంటే జనం ఊపిరి బిగబడతారు. అందరూ కత్తిని చూస్తారు. నా చూపు మాత్రం పక్కన నిలబడ్డ గురువు మీదికే పోతుంది.

నా చిన్నతనం గురించి ఎక్కువ రాయను. రాజోలు వైపు మా ఊళ్లో, పొద్దుగూకితే నాన్న ఏ నడకతో వస్తాడోనని అరుగు మీద చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి. అంతవరకు చాలు. హైస్కూలు చదువుకు అమలాపురం వచ్చాక ఒక వ్యాయామశాలలో పడ్డాను. దండీలు, బస్కీలు, తుప్పుపట్టిన ఇనప బిళ్లలు. మాస్టారు తిట్టేవారు కూడా. కానీ నేను బరువెత్తేటప్పుడు వెనక నిలబడి, వంగిపోతున్న నడుం మీద అరచెయ్యి ఆనించి, "ఇక్కడ బిగపట్టు, ఊపిరి వదలకు" అనేవారు. పెద్దవాళ్ల చెయ్యి కొట్టడానికి కాకుండా ఒంటిమీద పడడం నాకు కొత్త. ఉలిక్కిపడేవాణ్ణి. ఆయన అది కనిపెట్టారు కాబోలు, తర్వాత్తర్వాత చెయ్యి వేసేముందు ఓసారి దగ్గేవారు.

కండలు పెంచినవాళ్ల కథలు రాసేటప్పుడు సంకల్పబలం అంటారు, ఒంటరి పోరాటం అంటారు. ఆ మాటలు నాకు నమ్మబుద్ధి కావు. కోడి రామమూర్తి నాయుడినే తీసుకోండి. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని, ఛాతీకి చుట్టిన గొలుసును ఊపిరి పూరించి తెంచి, కలియుగ భీముడనిపించుకున్న మనిషి. వీరఘట్టంలో పుట్టి, చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నాడు. చదువు మీద ధ్యాస లేని ఆ పిల్లాణ్ణి తండ్రి విజయనగరంలో పోలీసు ఇన్‌స్పెక్టరుగా ఉన్న తమ్ముడు నారాయణస్వామి ఇంటికి పంపాడు. అక్కడా పుస్తకం కంటే కసరత్తే ఎక్కువైంది. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, తాను చదివిన బడిలోనే పిల్లలచేత కసరత్తు చేయించాడు. సర్కసూ, బిరుదులూ ఆ తర్వాతి సంగతులు. ఏనుగు బొమ్మ చూసి చప్పట్లు కొడతాం గానీ, తల్లిలేని పిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకున్న బాబాయి ఎవరికీ గుర్తుండడు.

స్టువర్టుపురం సంగతి ఇంకా పెద్దది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరం చేసింది. దాని నీడలో, ఎరుకలవాళ్లకోసం బాపట్ల దగ్గర బ్రిటిష్ సర్కారు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చిన ఊరది. చట్టం పోయినా దొంగల ఊరన్న పేరు పోలేదు. మన సినిమావాళ్లు ఆ పేరు వదల్లేదు కూడా. ఆ ఊరి రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చాడు. పోటీ వేదిక మీద వెనక ఎవరూ నిలబడరు. దించమని సైగ వచ్చేదాకా ఆ బరువు కింద ఉండేది ఒక్కడే. అతణ్ణి అక్కడిదాకా తీసుకొచ్చినవాళ్లలో హకీంపేట స్పోర్ట్స్ స్కూలు కూడా ఉంది. బడి పెట్టడం, కోచ్‌కి జీతమివ్వడం, పిల్లాడికి గుడ్డూ పాలూ పెట్టడం. సంకల్పబలం ఖాతాలో వేసేసి మనం ఎగ్గొట్టే ఖర్చులివి.

మా కోనసీమలో ఇప్పుడు తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరింట్లోనో పనిచేస్తూ, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగే ఇళ్లు చాలా ఉన్నాయి. తిండికి లోటుండదు. చూసే కన్నే కరువు. అలాంటి కుర్రాళ్లు సాయంత్రమయ్యేసరికి జిమ్‌లో చేరతారు. గోడంతా అద్దాలు, చెవులు పగిలే పాటలు. నెల ఫీజు కడితే చాలు, వెనక ఎవరైనా నిలబడతారా అన్నది ఆ శిక్షకుడి మంచితనాన్ని బట్టి.

నేను వెళ్లేచోట ఒక ఇంటర్ కుర్రాడు బస్కీలు తీస్తూ ఫోన్‌లో వీడియో పట్టి కువైట్‌లో ఉన్న తల్లికి పంపుతాడు. మొన్న మొహం చిట్లించుకుని వచ్చాడు.

"మోకాళ్లు లోపలికి పోతన్నాయేంట్రా అని ఫోన్ చేసిందండి. ఆవిడికేం తెలుసండి వీటి గురించి?"

వీడియో తీసుకుని చూశాను. లోపలికే పోతున్నాయి.