కొట్టు... పట్టు... వదులు

మిరప కోతల కాలంలో వినుకొండ నుంచి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) తోలే పికప్ బండ్లకు అసలు పరీక్ష యార్డు గేటు బయటే. వరస అంగుళం అంగుళం జరుగుతుంటే గంటల తరబడి హాఫ్ క్లచ్ మీదే లాగాలి. కాస్త బలహీనంగా ఉన్న క్లచ్ అక్కడే బయటపడుతుంది. పెడల్ మెత్తబడుతుంది. అడుగంటా తొక్కినా గేరు పడదు, రివర్స్ వేయబోతే కరకరమంటుంది. గబగబా నాలుగుసార్లు పంపింగ్ చేస్తే అప్పటికి పడుతుంది. ఈ మాట చెప్పగానే మేస్త్రీ అనేది ఒకటే: "లైన్లో ఎయిర్ పట్టింది."

పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ పక్కన స్లేవ్ సిలిండర్, రెంటినీ కలిపే పైపు నిండా ఆయిల్. ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. కాలు జానెడు కిందికి పోతే స్లేవ్ రాడ్ జరిగేది సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర. ఆయిల్ నొక్కితే కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. చిన్న బుడగ చాలు, ఆ కాస్త కదలికనూ మింగేస్తుంది.

ఎయిర్ తీయడానికి ఇద్దరు కావాలి. సీట్లో కుర్రాడు, బండి కింద గోనెపట్టా మీద మేస్త్రీ. స్లేవ్ నిప్పిల్‌కు సన్నటి పారదర్శకపు ట్యూబు తొడిగి, రెండో కొసను కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచుతాడు. "కొట్టరా" అంటే కుర్రాడు మెల్లగా మూడు నాలుగుసార్లు తొక్కుతాడు. "పట్టు" అంటే కిందికి నొక్కి ఉంచుతాడు. మేస్త్రీ పానాతో నిప్పిల్‌ను పావు చుట్టు వదులు చేస్తాడు. డికాషన్ రంగు ఆయిల్ బుసబుసమంటూ బుడగలతో ట్యూబులోకి దిగుతుంది. నిప్పిల్ బిగించాకే "వదులు". ఆ మాట రాకముందే కాలు లేచిందా, పోయిన గాలి వెనక్కి వచ్చేస్తుంది. అందుకే మంచి కుర్రాడి చెవులు బండి కిందే ఉంటాయి. మధ్యమధ్య పైన డబ్బాలో ఆయిల్ పోస్తుండాలి. అది అడుగంటితే చేసిందంతా మళ్లీ మొదటికి.

ఆయిల్ విషయంలో మాత్రం బేరాలు వద్దు. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీటి చెమ్మ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మూత తీసి నెలల తరబడి అలమారలో ఉంచిన డబ్బా అందుకే పనికిరాదు. ఇంజన్ ఆయిల్ పోశారంటే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి సిలిండర్లే పోతాయి.

ఎయిర్ పోయాక అడ్జస్ట్‌మెంట్. పెడల్‌ను వేళ్లతో నొక్కితే బరువు తగలకముందు కొద్దిగా ఊరికే కదలాలి. ఆ ప్లే లేకుండా పుష్ రాడ్‌ను బిగిస్తే మాస్టర్‌లోని పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, లైన్లో ఒత్తిడి నిలిచిపోతుంది, క్లచ్ ప్లేట్ జారి కాలిపోతుంది. లాక్ నట్ వదులు చేసి రాడ్‌ను కాస్త కాస్తగా తిప్పుతూ చేత్తోనే చూసుకునే పని ఇది. చాలా బండ్లలో స్లేవ్ దగ్గర సర్దేదేమీ ఉండదు.

ఈ పనిలో నాకు గౌరవం కలిగించేది మాత్రం వేరే ఉంది. శ్రీశైలం నుంచి దిగుతుండగా నల్లమల ఘాట్‌లో మా పాత సుమోకు పెడల్ పోయింది. దారిలో ఒక షెడ్డులో ఎయిర్ తీసి ఆయిల్ నింపి పంపారు. రెండో రోజుకే మళ్లీ అదే తంతు. వినుకొండలో మేస్త్రీ పానా ముట్టనే లేదు. ముందు పెడల్ దగ్గర మ్యాట్ ఎత్తి వేలితో తడిమాడు, పొడిగానే ఉంది. తర్వాత కింద స్లేవ్ మీది రబ్బరు బూటు ఒలిచాడు. లోపల ఆయిల్ చెమ్మ. "మూసిన లైన్లోకి గాలి ఊరికే రాదు సార్, దారి ఉంటేనే వస్తుంది" అన్నాడు. స్లేవ్ విప్పి, లోపల గీతలు లేవని వెలుగులో చూసుకుని, వాషర్ కిట్ మార్చి, అప్పుడు "కొట్టరా" అని పిలిచాడు.

డబ్బు తీసుకోబోతూ ఒక అట్టముక్క చేతికిచ్చి, రాత్రికి గేర్‌బాక్స్ కింద పరవమన్నాడు. పొద్దున్నే పళ్లు తోముకుంటూనే వెళ్లి చూశాను. ఒక్క చుక్క లేదు.