పురిటికొచ్చే సొర

ఈ వారం ఒక టూర్ల కరపత్రం చేతికొచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని సెబు దీవికి వెళితే వేల్ షార్క్ పక్కన ఈదొచ్చట. బస్సంత సొరచేప. కింద పెద్ద అక్షరాల్లో ‘ఏ నెలలో వచ్చినా గ్యారంటీ’ అని వేశారు. ఆ గ్యారంటీ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టు తెలుసు. దేనికైనా ఒక కాలం ఉండాలి. సంక్రాంతికి మామిడిపండు నాకు గిట్టదు. పులస తినాలంటే గోదావరికి ఎర్రనీరు రావాలి. సొరను సముద్రంలో చూడాలన్నా అది వచ్చే నెల తెలుసుకుని మనమే వెళ్లాలి. సెబులోని ఓస్లోబ్‌లో జరిగేది అది కాదు. పడవల్లోంచి రోజూ సన్నరొయ్యలు వేసి వాటిని ఒడ్డుకు అలవాటు చేస్తున్నారు. సముద్రాలు దాటి తిరగాల్సిన చేపలు కొన్ని నెలల తరబడి అక్కడే ఉండిపోతున్నాయి.

పడమటి ఆస్ట్రేలియాలోని నింగలూ పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడ మార్చి, ఏప్రిల్ నెలల్లో పున్నమి వెళ్లిన కొద్ది రోజులకు పగడాలు గుడ్లు వదులుతాయి. నీళ్లలో మేత పెరుగుతుంది, వేల్ షార్కులు వస్తాయి, జులై దాకా కనిపిస్తాయి. వాటికెవరూ మేత వేయరు. ఒక చేప దగ్గర నీళ్లలో పదిమందికి మించి దిగకూడదు, ముట్టుకోకూడదు, మూడు మీటర్ల ఎడం పాటించాలి.

మన దేశంలోనూ అలాంటి కాలం ఉంది, సౌరాష్ట్రలో. వేరావల్, మంగ్రోల్, సూత్రపాడ తీరాల్లో వేసవి వాటి రోజులు. మార్చి నుంచి మే దాకా అక్కడి బోట్లు వాటికోసం కాసుకుని ఉండేవి. కొక్కేనికి తాడు కట్టి, తాడుకు ఖాళీ పీపాలు కట్టి వదిలేవారు. ఆ పీపాలను లాగి లాగి అలసిపోయిన చేపను ఒడ్డుకు ఈడ్చేవారు. కాలేయం నూనె పడవలకు పూసుకోవడానికి, మాంసం ఎగుమతికి. మైక్ పాండే దాన్నంతా ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ అనే డాక్యుమెంటరీగా తీశాడు. 2001లో కేంద్రం ఈ చేపను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. మన దేశంలో పులితో సమానమైన రక్షణ పొందిన మొదటి చేప అదే.

చట్టంతో అయ్యే పని కాదది. 2004లో మొదలైన రక్షణ ప్రచారానికి రామకథ చెప్పే మొరారీ బాపు ముందుకొచ్చారు. ఈ చేప పురుడు పోసుకోవడానికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల, దాన్ని చంపుతామా అని అడిగారు. ఖార్వా, కోలీ బెస్తలకు ఆ మాట తగిలింది. వలలో పడిన వేల్ షార్క్‌ను, వేల రూపాయల వల కోసి మరీ, వదిలేయడం మొదలుపెట్టారు. కోసిన వలకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. అలా బతికి బయటపడ్డవి వందల్లో ఉన్నాయి.

ఇది మన తీరం వాళ్లకు ఇంకో రకంగా తగలాలి. పురిటికి పుట్టింటికొచ్చిన కూతురికి మనం పెట్టేది సొరకూరే. పాలసొరను ఉడికించి, తోలు తీసి, చిదిమి, వెల్లుల్లి దట్టంగా వేసి పొడిపొడిగా వేపితే బాలింతకు పాలు పడతాయని నమ్మకం. ఆ కూరంటే నాకు గౌరవం, అందులో ఒక తల్లి శ్రద్ధ ఉంది. కానీ ఆ రెండు పురుళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే నా పాత పట్టు కదులుతోంది. కాలం ఎరగడం అంత మంచి విద్యేనా? సౌరాష్ట్రలో నెల బాగా ఎరిగినవాళ్లే ఎక్కువ చంపారు. పులస ఎర్రనీటికి ఎదురీదేది గుడ్లు పెట్టడానికి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవల వేట ఆపించేదీ చేపల పురుటికాలమనే.

వేల్ షార్క్ ఎక్కడ పిల్లల్ని పెడుతుందో శాస్త్రవేత్తలకు ఇప్పటికీ అంతుపట్టలేదు. 1995లో తైవాన్ దగ్గర పట్టుబడిన ఒక్క చేప కడుపులో మూడొందల పిల్లలున్నాయి. అంత బరువు మోసుకుని తిరిగేదాన్ని చూడటానికి సౌరాష్ట్ర ఏ నెలలో వెళ్లమంటారని అడిగితే, ఇప్పుడు నేను వెళ్లొద్దనే అంటాను. అక్కడ ఆ నెలలు తెలియాల్సింది బోటు నడిపించే తండేలుకు, వల లాగే కళాసీలకు. మేత దండిగా ఉన్న నీళ్లు మసగ్గా ఉంటాయి కాబట్టి దాన్ని దగ్గరగా చూసేది కూడా, చేతిలో కత్తితో వల మీదికి వంగినవాళ్లే.

వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వేరావల్ బోట్ల మీద శ్రీకాకుళం జిల్లా కళాసీలు ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. 2018లో పాకిస్తాన్ పట్టుకుపోయి జైల్లో పెట్టినవాళ్లు వేటకెళ్లింది అక్కడినుంచే, ‘తండేల్’ సినిమా వచ్చింది వాళ్ల మీదే. ఆ జైలు కథ అందరికీ తెలుసు. ఆ జిల్లాలోని డి.మత్స్యలేశం వైపు ఎప్పుడైనా వెళితే, వేరావల్‌లో పనిచేసి తిరిగొచ్చినవాళ్లను ఈ చేప గురించి కూడా అడగండి.