‘చరిత్రలో ఈ రోజు’ - ఎవరి చరిత్ర? ఎవరి రోజు?

నిరుడు జూలైలో శివ్వంపేట వెళ్ళి పెద్దమ్మ దగ్గర నాలుగు రోజులున్నాను. పక్కింటి పిల్ల ఎనిమిదో తరగతి చదువుతోంది. మర్నాడు బడిలో ప్రేయర్ దగ్గర ‘చరిత్రలో ఈ రోజు’ చదివే వంతు తనదట. ఒక పాత జనరల్ నాలెడ్జి పుస్తకం, రెండు పేపరు ముక్కలు పట్టుకుని వచ్చింది. “అత్తమ్మా, గిండ్ల ఏది ముఖ్యమో జెర చెప్పవా?” అంది. రేపు జూలై 14. 1789లో ప్యారిస్‌లో బాస్తీల్ కోటను జనం పట్టుకున్న రోజు. అదే చదవమన్నాను. బాస్తీల్ అంటే ఏమిటో, అప్పుడు రొట్టె ధర ఎందుకు పెరిగిందో కాసేపు చెప్పాను కూడా.

గడపలో కూర్చుని గోంగూర తెంపుతున్న పెద్దమ్మ అంతా వింది. “గా దినం గంత సక్కగ ఎట్ల యాదికుంచుకుండ్రు బిడ్డా? నేను పుట్టిన దినమే మాయమ్మకు యాదికి లేకపాయె” అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలన్న కుతూహలమే ఉంది. నేను మాత్రం జవాబు చెప్పలేకపోయాను. పాతికేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని.

ఆ పుస్తకం ఆ పిల్ల దగ్గర అడిగి హైదరాబాద్ తెచ్చుకున్నాను. కథనో నవలనో చదివినట్టు మొదటి పేజీ నుంచి చదివాను. మనం కవిత్వాన్నీ, కథల్నీ, సినిమాల్నీ స్త్రీవాద దృష్టితో చదివాం. పాఠ్యపుస్తకాల్నీ చదివాం. రోజూ పేపర్లో ఒక మూల వచ్చే ఈ తేదీల జాబితాని మాత్రం ఎవరం పట్టించుకున్నట్టు లేదు. అది సాహిత్యం కాదు, ‘సమాచారం’ కదా అనుకున్నాం. కానీ మన పిల్లలు ప్రతి ఉదయం వరుసల్లో నిలబడి వినే వచనం ఇదే. దీనికీ ఒక కథకుడున్నాడు. అతనికీ ఒక చూపుంది.

ఆ చూపు ఎక్కువగా యూరప్ వైపే తిరిగి ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల నుంచి ఎత్తి రాసినవి కనుక అందులో వింతేమీ లేదు. రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాలు, సంధులు, కనిపెట్టినవాళ్ళు, కనుగొన్నవాళ్ళు. ఎవరో సంతకం పెడితేనో, ఎవరో చంపితేనో, ఎవరో చస్తేనో ఆ రోజు చరిత్రలోకి ఎక్కుతుంది. స్త్రీలు లేరా అంటే ఉన్నారు. రాణులుగా ఉన్నారు, శిరచ్ఛేదానికి గురైన రాణులుగా ఇంకా బాగా ఉన్నారు.

స్త్రీల పనులకి తేదీలు దొరకవు, అందుకే జాబితాలో లేరు అని ఒక సమాధానం చెబుతారు. అది నిజం కాదు. బాస్తీల్ పడిన ఏడాదే, 1789 అక్టోబర్ 5న, ప్యారిస్ అంగళ్ళలో రొట్టె దొరకని ఆడవాళ్ళు వేల సంఖ్యలో కదిలారు. చేపలమ్మేవాళ్ళు, కూలి చేసుకునేవాళ్ళు వానలో తడుస్తూ సుమారు ఇరవై కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ రాజభవనానికి చేరారు. మర్నాడు రాజునీ రాణినీ ప్యారిస్‌కి తీసుకొచ్చారు. ఆ తర్వాత ఆ రాజు మళ్ళీ వెర్సాయ్‌లో ఉండి పాలించలేదు. విప్లవం దారి మార్చిన రోజు అది. తేదీ ఉంది, ఊరు ఉంది, సాక్ష్యం ఉంది. అయినా నా చేతిలోని పుస్తకంలో అక్టోబర్ 5 కింద ఆ సంగతి లేదు. జూలై 14 మాత్రం పెద్దక్షరాలతో ఉంది. స్త్రీలకి కూడా మనిషి హక్కులున్నాయని 1791లో ప్రకటన రాసిన ఒలాంప్ ద గూజ్‌ని 1793 నవంబర్ 3న గిలటిన్ ఎక్కించారు. ఆమే లేదు. ఆమె కంటే పద్దెనిమిది రోజుల ముందు అదే గిలటిన్ ఎక్కిన రాణి మేరీ ఆంత్వానెత్ ఉంది.

మరొకటి చూడండి. మొదటి ప్రపంచయుద్ధం ఆగిన 1918 నవంబర్ 11 గంటతో సహా ఉంటుంది. వెర్సాయ్ సంధి జరిగిన 1919 జూన్ 28 ఉంటుంది. ఆ సంధి మీద సంతకాలు పెట్టినవాళ్ళలో ఒక్క స్త్రీ లేదు. దానికి నెలన్నర ముందు, మే నెలలో, జూరిక్ నగరంలో స్త్రీల అంతర్జాతీయ సభ జరిగింది. నిన్నటిదాకా యుద్ధంలో ఎదురెదురుగా ఉన్న దేశాల ఆడవాళ్ళు ఒకేచోట కూర్చున్నారు. ఆ సంధి షరతులు శాంతిని తేవనీ, మరో యుద్ధానికి విత్తులు వేస్తాయనీ బహిరంగంగా అన్నారు. ఇరవై ఏళ్ళకి అదే జరిగింది. తప్పు చేసినవాళ్ళ తేదీ మనకి కంఠస్థం. హెచ్చరించినవాళ్ళ తేదీ మనలో ఎంతమందికి తెలుసు?

యూరప్ అంటే ముందు నడిచినది, మనం వెనక నడిచేవాళ్ళం అన్న భావం కూడా ఈ జాబితాల్లోంచే పిల్లల్లోకి ఇంకుతుంది. ఓటు సంగతే తీసుకుందాం. ఫ్రాన్స్ స్త్రీలు మొదటిసారి ఓటు వేసింది 1945 ఏప్రిల్ 29న. స్విట్జర్లాండ్‌లో జాతీయ స్థాయిలో స్త్రీలకి ఓటు ఇవ్వడానికి మగవాళ్ళు ఒప్పుకున్నది 1971 ఫిబ్రవరి 7న. ఆ దేశంలోనే ఒక కాంటన్‌లో స్థానిక ఓటు కోసం 1990 దాకా, కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. మా అమ్మమ్మ 1952 నాటికే శివ్వంపేటలో ఓటు వేసింది. అక్షరం రాని మనిషి. స్విస్ స్త్రీల కంటే పంతొమ్మిదేళ్ళు ముందు. అలాగని మనం గర్వపడి ఊరుకోలేం. ఆ మొదటి ఎన్నికల్లోనే దేశం మొత్తం మీద సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాల్లోంచి కొట్టేశారు. కారణం, తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యననో ఫలానావాడి తల్లిననో చెప్పుకోవడం. ఉత్తరాది రాష్ట్రాల్లో ఇది ఎక్కువ. పేరు లేని మనిషికి తేదీ ఎక్కడ నుంచి వస్తుంది?

ఇక మన తప్పు సంగతి. మార్చి 8 గురించి నేను ఏళ్ళ తరబడి ఒకే మాట చెప్పాను. 1857 మార్చి 8న న్యూయార్క్‌లో బట్టల మిల్లు స్త్రీలు సమ్మె చేశారనీ, దాని జ్ఞాపకంగా ఈ రోజు వచ్చిందనీ. బోర్డు మీద రాశాను, కరపత్రాల్లో వేశాను. ఆ సమ్మెకి ఆనాటి ఆధారమేదీ లేదనీ, ఆ కథ 1955లో ఫ్రెంచి పత్రికల్లో పుట్టిందనీ లిలియన్ కాండెల్, ఫ్రాన్స్వాజ్ పిక్ అనే ఇద్దరు స్త్రీవాద పరిశోధకులు 1982లోనే చూపించారు. వాస్తవం ఏమిటంటే, 1910లో కోపెన్‌హాగెన్ సభలో క్లారా జెట్కిన్, ఆమె సహచరులు ప్రతిపాదించినప్పుడు తేదీ ఏదీ నిర్ణయించలేదు. 1911లో జర్మనీ, ఆస్ట్రియా, డెన్మార్క్, స్విట్జర్లాండ్‌లలో జరుపుకున్నది మార్చి 19న. మార్చి 8 స్థిరపడింది రష్యా నుంచి. 1917లో పెట్రోగ్రాడ్ మిల్లు స్త్రీలు రొట్టె కోసం పని ఆపి వీధుల్లోకి వచ్చిన రోజు అది. వారం తిరిగేసరికి జార్ గద్దె దిగాడు.

కానీ ఆ స్త్రీల గోడ క్యాలెండర్‌లో ఆ రోజు మార్చి 8 కాదు, ఫిబ్రవరి 23. రష్యా అప్పటికి పాత క్యాలెండర్‌లోనే ఉంది. 1918లో మార్చుకున్నప్పుడు జనవరి 31 తర్వాతి రోజుని ఫిబ్రవరి 14 అన్నారు. ఇంగ్లండ్ 1752లో సెప్టెంబర్ 2 తర్వాత 14 అంది. ఇటలీ, స్పెయిన్ 1582లోనే అక్టోబర్ 4 తర్వాత 15 అన్నాయి. అంటే ఏలేవాళ్ళు అనుకుంటే పది పన్నెండు రోజులు మాయమవుతాయి. మన దగ్గర నిజాం కాలంలో ఫసలీ లెక్క ఉండేది. ‘ఫసల్’ అంటే పంట. శిస్తు వసూలు కోసం పెట్టుకున్న సంవత్సరం అది. తేదీ ఆకాశం నుంచి ఊడిపడేది కాదు. ఎవరికో ఏదో లెక్క కావాలి, అందుకే పుడుతుంది. ఇంత తెలిశాక పెద్దమ్మ ప్రశ్నకి సగం జవాబు దొరికింది. ఆమె పుట్టుక లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది.

మా జిల్లాలోనే ఒక యూరప్ తేదీ ఉంది. మెదక్ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. 2024లో నూరేళ్ళ పండుగ చేశారు. కట్టించింది ఇంగ్లండ్ మెథడిస్టు మిషన్‌కి చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్. 175 అడుగుల శిఖరం. రంగు అద్దాల కిటికీలు గీసింది ఫ్రాంక్ సాలిస్‌బరీ. పదేళ్ళు కట్టారు. కరువు రోజులు కనుక పని చేసినవాళ్ళకి తిండి దొరికింది. ఇదంతా చర్చి గురించి రాసినవాళ్ళందరూ రాస్తారు. మా ఇంట్లో చెప్పుకునేది వేరే. మా అమ్మమ్మ తల్లి కరువుకి శివ్వంపేట నుంచి నడిచి మెదక్ పోయి అక్కడ రాళ్ళూ సున్నం గంపలూ మోసిందట. చంకలో బిడ్డ ఉండిందట. పాస్నెట్ పేరూ, సాలిస్‌బరీ పేరూ నాకు పుస్తకాల్లో దొరికాయి. గంపలు మోసిన మనిషి పేరు మాత్రం పెద్దమ్మ నోట్లోనే ఉంది. డిసెంబర్ 25 కట్టించినవాళ్ళ తేదీ. కట్టినవాళ్ళకి మిగిలింది ‘కరువు యేడు’.

ఇలాంటి లెక్కని సాహిత్యంగా నిలబెట్టిన పుస్తకం మనకి ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలు. దాన్ని ఈసారి తేదీల కోసమే మళ్ళీ చదివాను. 1948 సెప్టెంబర్ 17, నిజాం లొంగిపోయిన రోజు, మగవాళ్ళ చరిత్రల్లో మలుపు. దాన్ని విమోచనం అనాలా, విలీనం అనాలా, సమైక్యత అనాలా అని ఈనాటికీ మన నాయకులు కొట్టుకుంటున్నారు. ఈ పుస్తకంలోని స్త్రీల మాటల్లో మలుపులు వేరు. ఇల్లు వదిలిన రాత్రి, దళంలో ఉండగా బిడ్డని వదులుకోవలసి వచ్చిన రోజు, పోరాటం విరమించాక “ఇక ఇళ్ళకు పొండి” అన్నప్పుడు ఏ ఇంటికి పోవాలో తెలియని రోజు. వీటికి తేదీలు లేవు. కానీ ఏది ముందు ఏది వెనక అన్న విషయంలో వాళ్ళ జ్ఞాపకం తడబడదు. ఆ పుస్తకం చేసిన గొప్ప పని జాబితాలో ఖాళీలు నింపడం కాదు, జాబితా కొలబద్దనే మార్చడం.

అంతకు ఎనభై ఐదేళ్ళ ముందు భండారు అచ్చమాంబ ఇంకో దారి పట్టింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’లో భారతదేశపు స్త్రీల చరిత్రలు రాసింది. తర్వాతి భాగంలో విదేశీ స్త్రీల గురించీ రాయాలనుకుంది. 1905 జనవరిలో, ముప్పై ఏళ్ళకే పోయింది. ఆ భాగం రాలేదు. వచ్చి ఉంటే తెలుగు పిల్లలకి యూరప్ అంటే రాజులూ యుద్ధాలూ మాత్రమే అయ్యేది కాదేమో అని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ నాతో నేనే విభేదించాలి. స్త్రీల కాలం వేరు, అది పంటలతో, పండుగలతో, కాన్పులతో నడుస్తుంది, తేదీలు మగవాళ్ళవి అని ఒకప్పుడు నేనే ఒక సదస్సులో పేపరు చదివాను. చప్పట్లు కూడా కొట్టారు. పెద్దమ్మ చప్పట్లు కొట్టదు. ఆమె పుట్టింది పోలీసు యాక్షన్ ముందటి వానాకాలం. “రజాకార్ల బుగులుకు మాయమ్మ నన్ను జొన్నచేన్ల దాసిపెట్టిందట, అప్పటికి నెల పిల్లనట” అంటుంది. అంటే 1948. కానీ ఆమె కార్డు మీద 1953 జనవరి 1 అని ఉంది. వయసు అడిగినవాళ్ళు మొహం చూసి ఒక సంఖ్య వేసుకున్నారు. మా ఊళ్ళో ఆమె ఈడువాళ్ళలో చాలామంది జనవరి 1నే పుట్టారు. అరవై ఐదేళ్ళు దాటినవాళ్ళకి పింఛను అన్నప్పుడు ఆమెకి నిజంగా అరవై ఆరు. కార్డు ప్రకారం ఇంకో నాలుగేళ్ళు ఆగాలి. ఆగింది. ఆ నాలుగేళ్ళు కూలికి పోయింది. తేదీ సరిచేయించడానికి నేను వెంట వెళితే రుజువు తెమ్మన్నారు. జొన్నచేను రుజువు కాదు కదా.

కనుక తేదీ మనకి అక్కర్లేదనడం చదువుకున్నవాళ్ళ విలాసం. తేదీ ఒక హక్కు. లేనివాళ్ళకే దాని విలువ తెలుస్తుంది. మనం చేయవలసినది జాబితాని చించెయ్యడమూ కాదు, నాలుగు ఆడపేర్లు అతికించి తృప్తి పడడమూ కాదు. మార్చి 8ని చీరల దుకాణాలు ఎలా అతికించుకున్నాయో చూస్తూనే ఉన్నాం. ఎవరి లెక్క కోసం ఈ తేదీ నిలిచింది, ఎవరి లెక్క రాయకుండా పోయింది అని ప్రతి తేదీనీ అడగాలి. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో నూటికి తొంభై మంది స్త్రీలు ఆఫీసు పనీ ఇంటి పనీ ఆపేశారు. ఆ ఒక్కరోజుతో దేశానికి వాళ్ళ రోజువారీ పని కనబడింది. రోజూ జరిగేది కనుకే చరిత్రలోకి ఎక్కని పని అది. అలాంటి తేదీ పిల్లలకి చెబితే మిగతా 364 రోజుల గురించీ చెప్పినట్టే.

పుస్తకం తిరిగి పంపేటప్పుడు దాని వెనక అట్ట లోపల అక్టోబర్ 5, అక్టోబర్ 24 గురించి రాసి పెట్టాను. దాని కింద, పెద్దమ్మని మళ్ళీ మళ్ళీ అడిగి, 1948 వానాకాలం, జొన్నచేను, ఆమె పేరు, ఆమె తల్లి పేరు, చర్చికి రాళ్ళు మోసిన ఆమె అమ్మమ్మ పేరు కూడా రాశాను. ప్రేయర్‌లో ఆ పిల్ల ఏవి చదువుతుందో నాకు తెలియదు. మీ ఇళ్ళల్లోనూ జనవరి 1న పుట్టిన ఆడవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు నిజంగా ఎప్పుడు పుట్టారో, ఏ యేడు ఏం జరిగిందో, వాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టండి.